నీళ్లు పెట్టిన ముక్కే ఎందుకు ఎర్రబడింది? చేవెళ్ల వైపు ఒక పత్తి చేను కేసు

2021 అక్టోబర్ రెండో వారంలో నా ఫోన్‌కు నాలుగు ఫొటోలు వచ్చాయి. అన్నీ పత్తి ఆకులే. అంచుల నుంచి లోపలికి ఎర్రబడుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. కింద ఒక వాయిస్ మెసేజ్: "సార్, చేను ఎర్రగైతుంది. ఏం కొట్టాల్నో జర చెప్పండి."

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నాకొక చిన్న మట్టి పరీక్షల ల్యాబ్ ఉంది. వచ్చే మట్టి సంచుల్లో సగం ఫాంహౌస్ మామిడి తోటలవి. మిగతా సగం చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు పత్తి, కూరగాయల రైతులవి. ఫొటోలు చూడగానే మెగ్నీషియం లోపం అనుకున్నాను. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి, పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టమని టైప్ చేసి పంపేశాను. నిమిషం కూడా పట్టలేదు. అది తొందరపాటని తేలడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

నవంబర్ మొదట్లో రైతే బస్సెక్కి వచ్చాడు. చేతిలో రెండు కట్టల పత్తి మొక్కలు, వేళ్లతో సహా. "ఇవి మెట్ట ముక్కలవి సార్, మందు పని చేసింది. ఇవి బోరు కిందివి, వీటికి ఏమీ కాలే." రెండో కట్ట మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. తల్లివేరు అరచేతి పొడవు దిగి, అక్కడ పక్కకు తిరిగిపోయింది. వేరు అలా అడ్డం తిరిగిందంటే కింద గట్టి పొర తగిలి ఉండాలి. ఆకుల మీద మందు కొట్టి తీర్చే జబ్బు కాదిది.

చేను

మెహదీపట్నం నుంచి అప్పా జంక్షన్ దాటి, మర్రిచెట్ల రోడ్డు మీద వికారాబాద్ వైపు పోతుంటే చేవెళ్ల తర్వాత నల్లరేగడి మొదలవుతుంది. అక్కడ, రోడ్డుకు కాస్త లోపల ఐదెకరాల చేను. ఊరి పేరు, రైతు పేరు రాయడం లేదు. పై మూడెకరాలు పూర్తిగా వాన మీదే ఆధారం. కింది రెండెకరాలకు 2014లో వేసిన బోరు ఉంది. ఆ రెండెకరాల్లో వానాకాలం పత్తి, యాసంగిలో టమాటా, ఆకుకూరలు. కూరగాయలు నగరానికి పోతాయి కాబట్టి ఏడేళ్లుగా ఆ ముక్కకు నీళ్లు ఆగలేదు.

రైతు లెక్క సూటిగా ఉంది. ఒకే విత్తనం, ఒకే రోజు పెట్టారు, ఎరువులు ఒకే మోతాదు. కింది ముక్కకు అదనంగా నీళ్లున్నాయి. అలాంటప్పుడు అక్కడ ఎక్కువ పండాలి. కానీ ఆ ఏడాది మెట్ట ముక్కలో ఎకరాకు ఏడున్నర క్వింటాళ్లు వస్తే, బోరు ముక్కలో నాలుగు కూడా సరిగా రాలేదు. అంతకు రెండేళ్ల ముందు నుంచే తగ్గుతూ వస్తోందట. ఎరువుల దుకాణంలో పచ్చదోమ అని చెబితే రెండుసార్లు పురుగుమందు కూడా కొట్టారు.

పత్తి ఆకు ఎర్రబడిందంటే వెంటనే ఒక పేరు పెట్టేయడం మా వృత్తిలో ఉన్న పెద్ద జబ్బు. నేనూ అదే చేశాను. పచ్చదోమ అయితే ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి, ఆకు తిప్పి చూస్తే అడ్డంగా నడిచే చిన్న పచ్చని పిల్లపురుగులు కనబడతాయి. చలికి ఎర్రబడితే చేనంతా ఒకేలా, నవంబర్ చివర్లో మొదలవుతుంది. మెగ్నీషియం లోపం ముందు కింది ముదురాకుల్లో కనిపిస్తుంది, ఎందుకంటే మొక్క ఆ పోషకాన్ని ముదురాకు నుంచి లాగి లేతాకుకు పంపుతుంది. వేళ్లకు గాలి ఆడకపోయినా ఆకు ఎర్రబడుతుంది. ఫొటోలో ఈ నాలుగూ దాదాపు ఒకేలా ఉంటాయి.

ముందరి రిపోర్టు ఇచ్చింది మేమే

పాత ఫైళ్లు తీశాం. 2020 మేలో ఇదే రైతు మట్టి తెచ్చి ఇచ్చాడు, మేమే రిపోర్టు ఇచ్చాం. ఉదజని సూచిక, అంటే పీహెచ్, 8.4. లవణాలు తక్కువ. సేంద్రియ కర్బనం తక్కువ. భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ. చూస్తే మామూలు రేగడి రిపోర్టు. తెలంగాణ నల్లరేగడిలో పది సంచులు పరీక్షిస్తే ఏడెనిమిది ఇలాగే ఉంటాయి.

అసలు లోపం ఎక్కడంటే, ఆ సంచిలో ఐదెకరాల మట్టీ కలిసి ఉంది. మూడు వంతులు మంచి మట్టి, రెండు వంతులు చెడిన మట్టి కలిపి తెస్తే మిషన్ చూపించే అంకె ఏ ముక్కదీ కాదు. మట్టి తెచ్చినప్పుడు "బోరు కింద ఎంత, మెట్ట ఎంత?" అని మా కుర్రాడు అడగలేదు. అడగాలని నేను వాడికి నేర్పలేదు. ఇప్పుడు మా ఫారంలో మొదటి ప్రశ్న అదే.

నవంబర్ 2021లో నేనే వెళ్లాను. రెండు ముక్కల్లోంచి విడివిడిగా మట్టి తీశాం. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప పెట్టిన చోటు వదిలేసి, ఒక్కో ముక్కలో పది చోట్ల వీ ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, గుంట గోడ నుంచి పై నుంచి కింది దాకా పలుచగా ఒక ముక్క కోశాం. ఈసారి పై జానెడు ఒక సంచి, దాని కింది జానెడు ఇంకో సంచి. మెట్ట ముక్కలో పార సులువుగా దిగింది. బోరు ముక్కలో గడ్డపార తెచ్చుకోవాల్సి వచ్చింది, అది కూడా తడి ఉన్న నేలలో.

గట్టు మీద రెండు గ్లాసులు

ల్యాబ్‌కు రాకముందే విషయం సగం తేలింది. రైతు భార్య టీ ఇచ్చిన రెండు గాజు గ్లాసులను కడిగి, బండిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్ పోశాను. ఒకదాంట్లో మెట్ట ముక్క మట్టిగడ్డ, రెండో దాంట్లో బోరు ముక్క మట్టిగడ్డ, రెండూ శనగ గింజంత, ఆరినవి. కదపకుండా గట్టు మీద పెట్టి, అరగంట చేనంతా తిరిగొచ్చాం.

మెట్ట గడ్డ విచ్చుకుని చిన్న చిన్న పలుకులుగా అడుగున కూర్చుంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. బోరు గడ్డ చుట్టూ మబ్బు కమ్మినట్టు నీళ్లు మసకబారి, గ్లాసు అవతల ఉన్న నా వేలు కనబడలేదు. ఆమె ఒంగి చూసి, "కుడితి లెక్కయింది గదా" అంది. అంతకంటే మంచి వర్ణన ఏ ల్యాబ్ మాన్యువల్‌లోనూ నాకు దొరకలేదు. 1967లో ఆస్ట్రేలియాలో ఎమర్సన్ అనే మట్టి శాస్త్రవేత్త పద్ధతిగా పెట్టిన పరీక్ష ఇది. పైసా ఖర్చు లేదు. వాన నీళ్లతోనూ చేయవచ్చు, బోరు నీళ్లతో మాత్రం చేయకూడదు.

గ్లాసులో జరిగింది ఏమిటి? రేగడిలో బంకమన్ను రేణువులు పలుచని పలకల్లా ఉంటాయి, వాటి మీద రుణావేశం ఉంటుంది. కాల్షియం రెండు ఆవేశాలున్న అయాన్ కాబట్టి పలకలను దగ్గరగా పట్టి ఉంచుతుంది. చార్మినార్ రాళ్ల మధ్య డంగు సున్నం చేసే పనిలాంటిదే. సోడియం అయాన్‌కు ఒకే ఆవేశం, పైగా తన చుట్టూ నీటిని పెద్ద పొరలా కప్పుకుంటుంది. అది కాల్షియం చోటు ఆక్రమిస్తే పలకలు విడిపోయి నీళ్లలో తేలతాయి. అదే ఆ కుడితి. చేనులో ఆ తేలిన బంకమన్ను మట్టి రంధ్రాల్లోకి దిగి మూసేస్తుంది. పైన ఆరితే అట్ట కడుతుంది. మొలక లేవదు, నీళ్లు ఇంకవు, గాలి ఆడదు.

ఇంకో చిన్న పరీక్ష చేశాం. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను రెండు చోట్లా మట్టిలోకి దిగ్గొట్టి, ఒక్కో లీటరు నీళ్లు పోసి ఫోన్‌లో టైమర్ పెట్టాను. మెట్ట ముక్కలో 11 నిమిషాల్లో ఇంకిపోయాయి. బోరు ముక్కలో గంటా నలభై నిమిషాలు. ఇంకేదాకా కూర్చుంటే ఆఖరి బస్సు పోతుందని రైతు కంగారుపడ్డాడు. నా బండిలో దింపుతానని చెప్పాల్సి వచ్చింది.

ల్యాబ్ అంకెలు

మెట్ట ముక్క పీహెచ్ 8.1. బోరు ముక్కది 9.0. రేగడిలో సున్నం సహజంగానే ఉంటుంది. విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే రెండు మట్టులూ బుసబుసా పొంగాయి. అయితే సున్నం ఒక్కటే కారణమైతే పీహెచ్ 8.4 దగ్గర ఆగుతుంది. 8.5 దాటి పోతే సోడియం ఉందని అనుమానించాలి. మట్టి రేణువులను అంటుకున్న మొత్తం అయాన్లలో సోడియం వాటా, మేం ఈఎస్‌పీ అంటాం, మెట్ట ముక్కలో 4 శాతం. బోరు ముక్కలో పై జానెడు 19, కింది జానెడు 24. పదిహేను దాటితే అది కారు చౌడు కింద లెక్క.

లవణ సూచిక మాత్రం బోరు ముక్కలోనూ 0.9 డెసిసీమెన్స్ మాత్రమే. ఇక్కడే రైతులతో పాటు చాలామంది ఫీల్డ్ మనుషులూ తడబడతారు. ఉప్పు నీళ్లు వేరు, చౌడు నీళ్లు వేరు. పత్తి ఉప్పుకు బాగా ఓర్చుకునే పంట. మట్టి సంతృప్త ద్రావణంలో లవణ సూచిక 7.7 దాకా దిగుబడి తగ్గదని ప్రామాణిక పట్టికలు చెబుతాయి. కాబట్టి "ఉప్పు వల్ల పోయింది" అనడానికి ఈ చేనులో ఆధారం లేదు. పాల చౌడు అయితే నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని కంటికి కనబడేది. ఇక్కడ తెల్లదనం లేదు, నేల నల్లగా నిగనిగలాడుతోంది. సోడియం వల్ల కరిగిన సేంద్రియ పదార్థం పైకొచ్చి ఆరితే వచ్చే రంగు అది. చూసినవాళ్లు "మంచి నల్లనేల" అనుకుంటారు.

జింక్ మెట్ట ముక్కలో 0.7 పీపీఎం, బోరు ముక్కలో 0.4. హద్దు 0.6 దగ్గర ఉంటుంది. భాస్వరం రెండు చోట్లా ఎక్కువ, బోరు ముక్కలో ఇంకా ఎక్కువ. ఏటా భాస్వరం ఉన్న ఎరువు, డీఏపీ, వేశారు కదా. పైగా సోడియం ఎక్కువైన నేలలో కొంత భాస్వరం కరిగే రూపంలోకి వస్తుంది. మట్టిలో భాస్వరం పేరుకునే కొద్దీ, పీహెచ్ పెరిగే కొద్దీ జింక్ మొక్కకు అందదు. డీఏపీకి పెట్టిన డబ్బు ఒక రకంగా జింక్ లోపాన్ని కొనుక్కోవడానికి పోయింది.

బాటిల్‌లో నీళ్లు

అంతదాకా మేం మట్టినే చూశాం. బోరు నీళ్లు చూద్దామని బాటిల్ పట్టుకొచ్చింది రైతు కొడుకు, మేం అడిగితే కాదు, తనంతట తనే. "ఈ నీళ్లతో వంట కుదరదు సార్, అమ్మ నల్లా నీళ్లతోనే వండుతుంది" అన్నాడు. ఆ ఒక్క మాట 2020లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అయినా మేం అడిగితే కదా చెప్పడానికి.

నీళ్ల లెక్క, లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో (అయాన్లను వాటి ఆవేశం ప్రకారం కొలిచే లెక్క): కాల్షియం 1.4, మెగ్నీషియం 1.8, సోడియం 11. కార్బొనేట్ 0.6, బైకార్బొనేట్ 8.6. కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి 9.2. అందులోంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తం 3.2 తీసేస్తే 6 మిగులుతుంది. 1950లో ఈటన్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. దీన్ని ఆర్‌ఎస్‌సీ అంటాం. 1.25 లోపుంటే భయం లేదు, 2.5 దాటితే సాగుకు పనికిరాదు. ఇక్కడ 6.

ఈ నీళ్లు చేనులో చేసే పని ఏమిటంటే, నేల ఆరుతున్న కొద్దీ బైకార్బొనేట్ మట్టిలోని కాల్షియాన్ని పట్టుకుని సున్నపు పొడిగా మార్చి కూర్చోబెడుతుంది. కాల్షియం ఖాళీ చేసిన చోటుకు సోడియం వస్తుంది. నీళ్లు రుచికి ఉప్పగా ఉండవు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నేను రైతుకు లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఎకరాకు రెండంగుళాల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు సోడియం 11 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే దాదాపు పావు గ్రాము. ఒక తడికి ఎకరాలోకి 50 కిలోల సోడియం వెళుతుంది. పత్తికి, టమాటాకు కలిపి ఏడాదికి పది తడులు అనుకుంటే, ఏడేళ్లలో మూడున్నర టన్నులు. ఆయన కాసేపు కాగితం చూసి, "యూరియా బస్తా 45 కిలోలు సార్. అంటే తడికో బస్తా కంటే ఎక్కువ పోసిన" అన్నాడు. వాన కొంత కడిగేస్తుంది నిజమే, కానీ ఇంకని నేలలో వాన కడగదు, పై నుంచి పారిపోతుంది.

మెట్ట ప్రాంతం కావడం ఈ కథలో ముఖ్యం. ఏడాది పొడుగునా వాన పడే చోట ఇదే నీళ్లు ఇంత చెడుపు చేయవు. ఇక్కడ వాన నాలుగు నెలల్లో వచ్చిపోతుంది, మిగతా ఎనిమిది నెలలు ఎండ నేలలోంచి నీటిని లాగుతుంది, నీరు ఆవిరై సోడియం ఉండిపోతుంది. పోషకాల సంగతీ అంతే. పొటాష్, భాస్వరం, జింక్ మట్టిలో పలుచని నీటి పొర గుండా మెల్లగా పాకి వేరును చేరాలి. పై జానెడు ఆరిపోతే రిపోర్టులో "ఎక్కువ" అని ఉన్న పొటాష్ కూడా మొక్కకు లేనట్టే. రేగడిలో మెట్ట పత్తిని కాపాడేది లోతు పొరల్లో తేమ, అక్కడిదాకా దిగే వేరు. బోరు ముక్కలో ఆ వేరే దిగలేదు. పైన నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక, కింద గట్టి నేల తగిలి దారి లేక, మొక్క నీళ్ల మధ్య దాహంతో ఉండిపోయింది. ఆకు ఎర్రబడటం దాని ఫలితం. మెగ్నీషియం కొట్టినా బోరు ముక్క కోలుకోకపోవడానికి కారణం ఇదే.

ఏం చేశాం, ఎక్కడ తడబడ్డాం

మందు కొత్తదేమీ కాదు, జిప్సం. అందులోని కాల్షియం సోడియాన్ని రేణువు మీంచి తోసేస్తుంది, సోడియం సల్ఫేట్‌గా మారి నీళ్లతో కిందికి పోతుంది. లెక్క ప్రకారం ఈఎస్‌పీని 19 నుంచి 8కి దింపాలంటే పై జానెడుకే ఎకరాకు మూడున్నర టన్నుల శుద్ధ జిప్సం కావాలి. మార్కెట్ జిప్సం 75 శాతం అనుకుంటే నాలుగున్నర టన్నులకు పైనే. రైతు అంత పెట్టలేడు. ఎకరాకు రెండున్నర టన్నులు 2022 మేలో, ఇంకో టన్ను తర్వాతి ఏడాది అని ఒప్పందానికి వచ్చాం.

నా సలహాలో రెండో భాగం ఆయనకు నచ్చలేదు. ఒక కారు పత్తి వదిలేసి పచ్చిరొట్ట పైరు జీలుగ వేసి, పూత దశలో కలియదున్నమన్నాను. జీలుగ కారు చౌడును తట్టుకుంటుంది, కుళ్లేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ మట్టిలో ఉన్న సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం విడిపిస్తుంది. "రెండెకరాలు పడావు పెట్టమంటే అప్పులోడు ఊకుంటాడా సార్?" అన్నాడు. చివరికి ఒక ఎకరా జీలుగ, ఒక ఎకరా పత్తి. జిప్సం రెండింటికీ వేశాం. అప్పుడు నాకు చిరాకేసింది. తర్వాత చూస్తే ఆయన మొండితనమే నాకు పోల్చి చూసుకునే ప్లాటు ఇచ్చింది.

జిప్సం వేశాక సోడియం బయటికి పోయే దారి కావాలి. దిగువ గట్టు వెంబడి రెండడుగుల లోతు కాలువ తీసి వాగుకు కలిపాం. 2022 జులైలో వానలు దంచికొట్టాయి. పత్తి వేసిన ఎకరాలో నీళ్లు నిలిచి మొక్కలు దెబ్బతిన్నాయి, ఆ ఏడాది మూడున్నర క్వింటాళ్లే వచ్చాయి. మెట్ట ముక్కలో కూడా ఆరే. కానీ కాలువలో పారిన నీళ్లు బాటిల్‌లో పట్టి చూస్తే సోడియం పోతున్నట్టు తెలిసింది. జీలుగ ఎకరాలో యాసంగికి కుసుమ వేశారు, చుక్క బోరు నీళ్లు పెట్టకుండా. శనగ వేద్దామన్నాడు కానీ శనగ చౌడును ఓర్చుకోదు, వద్దన్నాను.

జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు దుక్కిలో వేశాం. డీఏపీ ఆపేసి, భాస్వరం సగానికి తగ్గించి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో ఇచ్చాం. దాంట్లో కాల్షియం, గంధకం కూడా వస్తాయి. నత్రజని, పొటాష్ మాత్రం సిఫారసు ప్రకారమే, ఎకరాకు 60 కిలోలు, 24 కిలోలు, 20 రోజుల తేడాతో నాలుగు దఫాలుగా. యూరియాను పైన చల్లి వదిలేయకుండా మొక్క పక్కన గుంట తీసి కప్పమన్నాం. పీహెచ్ 9 ఉన్న తడి నేల మీద యూరియా చల్లితే సాయంత్రానికి అమ్మోనియా ఘాటు వస్తుంది. ఆ ఘాటంతా డబ్బే.

ఒక పొరపాటు చెప్పాలి. జింక్ పిచికారీకి రైతు కొడుకు డ్రమ్ములో బోరు నీళ్లు నింపి జింక్ సల్ఫేట్ కలిపాడు. కలపగానే నీళ్లు తెల్లగా మారి, కాసేపటికి అడుగున మడ్డి దిగింది. "పాలు విరిగినట్టు విరిగింది సార్" అని వీడియో పంపాడు. బైకార్బొనేట్‌తో కలిసి జింక్ కరగని కార్బొనేట్‌గా మారింది. ముందే చెప్పాల్సిన నేను చెప్పలేదు. అప్పటి నుంచి పిచికారీకి ఇంటి నల్లాకు వచ్చే భగీరథ నీళ్లే వాడుతున్నారు.

2023 ఆగస్టు

అసలు పరీక్ష బోరు నీళ్లతోనే. నీళ్లు మారకుండా మట్టిని బాగు చేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. బోరు పైపు పడే చోట ఇటుకలతో ఆరడుగుల తొట్టి కట్టించాం, అడుగున ఇనుప జాలీ, దాని మీద జిప్సం. నీళ్లు కింది నుంచి జిప్సం గుండా పైకొచ్చి కాలువలోకి పారాలి. మొదట పొడి జిప్సం పోశాం. రెండు గంటల్లో గచ్చులా బిగుసుకుని నీళ్లు తొట్టి పక్కల నుంచి పొంగాయి. తవ్వి తీసేసి గడ్డ జిప్సం నింపాం. తొట్టి దాటిన నీళ్లలో ఆర్‌ఎస్‌సీ 6 నుంచి 2.1కి దిగింది. లీటరుకు 86 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సం ఒక మిల్లీ ఈక్వివలెంట్‌ను తీసేస్తుంది. ఆ లెక్కన ఎకరా తడికి 70 కిలోలకు కాస్త తక్కువ శుద్ధ జిప్సం, మార్కెట్ సరుకైతే 90 దాకా ఖర్చవుతుంది. గడ్డలు కరిగిపోయిన కొద్దీ నింపుతుండాలి. మర్చిపోతే తొట్టి అలంకారమే.

ఆ ఏడాది జులై చివర వానలు ముంచెత్తి, ఆగస్టులో ఒక్కసారిగా మొహం చాటేశాయి. దేశం మొత్తానికి 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు. పత్తి గూడ, పూత మీద ఉంది. మూడో వారంలో ఫోన్: "ఇయ్యాల్నా వద్దా సార్?" రెండేళ్లుగా నీళ్లు పెట్టొద్దని నేను చెవినిల్లు కట్టుకుని చెప్పినందుకు ఇప్పుడు ఆయనకు స్విచ్ వేయాలంటే భయం. తొట్టి నిండా గడ్డలున్నాయా అని అడిగి, ఫొటో పంపించుకుని, సాలు విడిచి సాలు పెట్టమన్నాను. పొద్దున పెట్టిన తడి సాయంత్రానికి ఇంకిపోయింది. 2021లో అదే సాళ్లలో రెండు రోజులు నిలిచేది. సెప్టెంబర్ మొదట్లో వానలు మళ్లీ పడే లోపు ఇంకో తడి. అంతే, రెండే తడులు.

దిగుబడి: మెట్ట ముక్క ఎకరాకు ఆరున్నర క్వింటాళ్లు. జీలుగ వేసిన ఎకరా ఎనిమిది. జీలుగ లేకుండా జిప్సం మాత్రమే పడ్డ ఎకరా ఆరు. బోరు ముక్కలో ఒక ఎకరా అయినా మెట్ట ముక్కను దాటడం నాలుగైదేళ్లలో ఇదే మొదటిసారట. దీంట్లో తడుల వాటా ఎంతో, మట్టి బాగుపడిన వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఒక్క చేను, ఒక్క ఏడాది. కింది కాయలు నిలిచాయి, మొక్క నడుమెత్తు వచ్చింది, నవంబర్‌లో ఆకు చివర్లు కొద్దిగా ఎర్రబడినా అది పక్క చేన్లలోనూ ఉంది.

డిసెంబర్‌లో మట్టి తీశాం. పై జానెడు ఈఎస్‌పీ జీలుగ ఎకరాలో 10, రెండో ఎకరాలో 14. కింది జానెడు మాత్రం 24 నుంచి 19, 22 దగ్గరే ఉన్నాయి. పీకిన మొక్కల తల్లివేరు జానెడున్నర దాకా దిగి, అక్కడ మళ్లీ పక్కకు తిరిగింది. రెండో ఎకరాలో ఈసారి జీలుగ వేస్తానని రైతే చెప్పాడు. మొదటి ఎకరాలో టమాటా మళ్లీ మొదలుపెడతానంటే, తొట్టి నీళ్లతో అయినా యాసంగి మొత్తం పదేసి తడులు వద్దన్నాను. దాని మీద మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.

లేచి వెళ్లబోతూ సంచిలోంచి ఒక లీటరు బాటిల్ తీసి బల్ల మీద పెట్టాడు. పక్క చేనువాళ్లు వారం కింద వేసిన కొత్త బోరు నీళ్లట.